అరుదైన ఇంగ్లిష్ ఇంటిపేరు జాడ తీయడానికి ఫ్రీబీఎండీ: బర్ట్‌విసిల్ పేరుతో పరీక్ష

ఒక అరుదైన ఇంగ్లిష్ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, అర్థం ఏమిటి, ఎంతమందికి ఉంది అని వెతికితే ముందుగా ఎదురయ్యేవి రెండు. నాలుగు వాక్యాల్లో అర్థం తేల్చేసే పేజీలు ఒకటి, "మీ వంశ చిహ్నం" అని ఫ్రేము కట్టి అమ్మే షాపులు రెండోది. ఆ ఫ్రేములకు డబ్బు పెట్టొద్దు. ఇంగ్లండ్‌లో కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఇచ్చేది వ్యక్తికి, ఇంటిపేరుకు కాదు. ఆ వ్యక్తి నుంచి మగసంతతి వరుసలో దిగినవాళ్లకే అది చెందుతుంది. అదే ఇంటిపేరున్న మిగతావాళ్లకు దానితో సంబంధం లేదు.

ఖర్చు లేకుండా అసలు ఆధారాలు ఇచ్చేది ఫ్రీబీఎండీ (FreeBMD) వెబ్‌సైట్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1న మొదలైన ప్రభుత్వ జనన, వివాహ, మరణ నమోదుల ఇండెక్స్‌ను వాలంటీర్లు టైపు చేసి పెట్టిన డేటాబేస్ ఇది. 1998లో మొదలైంది. అరుదైన పేరు మీద దీని బలాబలాలు చక్కగా బయటపడతాయి కాబట్టి వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్ కౌంటీకి చెందిన ఇంటిపేరు బర్ట్‌విసిల్‌ను (Birtwistle) తీసుకుని చూద్దాం.

ముందు పేరు సంగతి. ఇది ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. పాడిహమ్ దగ్గర హాప్టన్ పరిధిలో మధ్యయుగాల్లో ఈ పేరుతో ఒక పల్లె ఉండేది, తర్వాత అది మాయమైంది. పాత ఇంగ్లిష్‌లో బ్రిడ్ అంటే పక్షిపిల్ల, ట్విస్ల అంటే వాగు రెండుగా చీలే చోటు. బ్రిడ్‌లోని ఆర్ ధ్వని అచ్చుకు అవతలికి జరగడంతో బర్డ్ అయింది, పక్కనున్న టకారం తగిలి డకారం కూడా టకారమైంది. చివరి భాగాన్ని ఈలకు ముడిపెట్టే వివరణలు కనిపిస్తుంటాయి. అవి తప్పు. ఆ చుట్టుపక్కలే ఉన్న ఆస్వాల్డ్‌ట్విసిల్, బోల్టన్ దగ్గరి ఎంట్‌విసిల్ పేర్లలోనూ ఇదే ట్విస్ల ఉంది. అర్థం చెప్పే పేజీ ఏదైనా ఊరిని చూపించకుండా వట్టి శబ్దపోలికతో సరిపెడితే నమ్మనక్కర్లేదు. ఫ్రీబీఎండీ అర్థం చెప్పదు. కానీ ఆ పేరు ఏ జిల్లాల్లో గుమిగూడి ఉందో చూపిస్తుంది. ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరుకు అర్థాన్ని సరిచూసుకునే గట్టి మార్గం అదే.

వెతకడంలో మొదటి చిక్కు స్పెల్లింగ్. ఐ బదులు యూ గానీ ఈ గానీ ఉండొచ్చు, డబ్ల్యూ తర్వాత హెచ్ చేరొచ్చు. ఇవన్నీ ఒకేసారి రావాలని ఫొనెటిక్ పెట్టె టిక్ చేస్తే పని పాడవుతుంది. అది వాడే సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని ఉంచి, తర్వాతి హల్లులకు మూడంకెల కోడ్ ఇస్తుంది. బర్ట్‌విసిల్‌కు వచ్చేది బీ632. బ్రాడ్‌షాకూ, బ్రిడ్జ్‌కూ అదే కోడ్. రెండూ లాంకషైర్‌లో బాగా ఉన్న పేర్లే, కాబట్టి కావలసిన పేరు వాటి కింద మునిగిపోతుంది. దానికి బదులు మొదటి ఐదు అక్షరాలు, అంటే డబ్ల్యూ వరకు, టైపు చేసి నక్షత్రం గుర్తు పెట్టండి. రెండో అక్షరాన్ని ఐ, యూ, ఈగా మారుస్తూ మూడుసార్లు వెతకండి. బర్ట్‌వెల్ లాంటి వేరే పేర్లు కొన్ని వస్తాయి, వాటిని చేత్తో తీసేయడం తేలికే.

రెండో చిక్కు జిల్లా. ఇండెక్స్‌లో ఉండేది పుట్టిన ఊరు కాదు, రిజిస్ట్రేషన్ జిల్లా. సంగీతకర్త హారిసన్ బర్ట్‌విసిల్ 1934లో పుట్టిన ఆక్రింగ్టన్, పాత పల్లె ఉన్న హాప్టన్‌కు కొద్ది మైళ్ల దూరమే. కానీ ఆక్రింగ్టన్ చాలాకాలం హాస్లింగ్డన్ జిల్లా కింద ఉంది, హాప్టన్, పాడిహమ్ బర్న్‌లీ కింద. జిల్లాల జాబితాలో ఆక్రింగ్టన్ కోసమే వెతికి ఆపేస్తే పేరు గుండెకాయ లాంటి చోటే తప్పిపోతుంది. ఎంట్రీలో జిల్లా పక్కన ప్రాంతాన్ని తెలిపే వాల్యూమ్ గుర్తు ఉంటుంది, 1852 నుంచి 1946 వరకు ఇక్కడిది 8ఈ (8e). బర్న్‌లీ, హాస్లింగ్డన్, బ్లాక్‌బర్న్ దాని కిందే వస్తాయి, కానీ ప్రెస్టన్, లాంకాస్టర్ లాంటి జిల్లాలకూ అదే గుర్తు, కాబట్టి జిల్లా పేరు కూడా చూడాలి.

పేరు ఎంత వ్యాప్తిలో ఉందో లెక్కించాలంటే జననాలే మేలు. మరణాల్లో పెళ్లితో ఆ ఇంటిపేరు వచ్చిన ఆడవాళ్లూ కలుస్తారు. 1881 నుంచి 1890 లాంటి పదేళ్ల కాలం తీసుకుని, జననాలను జిల్లాలవారీగా కూడండి. ఆపైన మొత్తంలో ఆ మూడు జిల్లాల వాటా ఎంతో చూడండి. వట్టి సంఖ్యను ఒక కాలం నుంచి మరో కాలానికి పోల్చొద్దు. దేశ జనాభా పెరిగినప్పుడు పేరు అరుదవుతున్నా సంఖ్య పెరగొచ్చు. 1875కు ముందు నమోదు చేయకపోతే తల్లిదండ్రులకు జరిమానా భయం అంతగా లేదు, కాబట్టి ఆ కాలపు జననాలు కొన్ని అసలు ఇండెక్స్‌కే ఎక్కలేదు. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డలు సాధారణంగా తల్లి ఇంటిపేరు కిందే ఉంటారు. దాన్ని లోపం అనుకోకూడదు, పేరు కొనసాగిన దారుల్లో అదీ ఒకటి.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. 1983 దాకా ఇండెక్స్ మూడునెలలకొకటి, ఆ తర్వాత ఏడాదికొకటి. జననం నమోదుకు 42 రోజుల గడువుంది గనుక డిసెంబరులో పుట్టిన బిడ్డ తర్వాతి ఏడాది మార్చి క్వార్టర్‌లో కనిపించవచ్చు. క్వార్టర్ పేరు దాని చివరి నెలది: మార్చి అంటే జనవరి నుంచి మార్చి వరకు.

వివాహాల్లో ఫ్రీబీఎండీ చేసే ఒక పని చాలా విలువైనది. 1912కు ముందు ఇండెక్స్‌లో జీవిత భాగస్వామి ఇంటిపేరు ఉండదు. కానీ పేజీ నంబరు మీద నొక్కితే అదే పేజీలోని మిగతా పేర్లు వస్తాయి, వాటిలో ఒకరు భాగస్వామి. ఒక పేజీలో ఒకటికి మించి పెళ్లిళ్లు ఉంటాయి, కాబట్టి ఎవరికి ఎవరో జనగణనలో మొదటిపేర్లతో పోల్చి తేల్చుకోవాలి.

తప్పుల గురించి సూటిగా చెప్పాలి. స్థానిక రిజిస్ట్రార్ రికార్డును నకలు తీసి లండన్‌కు పంపేవారు, దాని నుంచి ఇండెక్స్ తయారైంది, ఆ ఇండెక్స్ చూసి వాలంటీరు టైపు చేశారు. ప్రతి మెట్టులోనూ అక్షరం జారవచ్చు. కనిపించింది కనిపించినట్టే టైపు చేయాలన్నది ఫ్రీబీఎండీ నియమం. అందుకే ఇండెక్స్‌లోనే తప్పు ఉంటే వాళ్లు దిద్దరు. అది సరైన పద్ధతి కూడా. అలాంటిచోట పోస్టెమ్ అనే చిన్న చీటీ జతచేయవచ్చు. వాలంటీరు తప్పు చదివారనిపిస్తే కళ్లద్దాల గుర్తు నొక్కి స్కాన్ చూసి, దిద్దుబాటు పంపవచ్చు.

దొరకని జనన, మరణ ఎంట్రీకి రెండో తలుపు, ఈ నమోదులు చూసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సొంత ఆన్‌లైన్ ఇండెక్స్. అది పాత ఇండెక్స్ నకలు కాదు, రిజిస్టర్ల నుంచి కొత్తగా తయారు చేసింది. కాబట్టి ఒకదానిలో తప్పు పడిన పేరు రెండోదానిలో సరిగా ఉండే అవకాశం ఎక్కువ. పాత ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి ఇంటిపేరు 1911 సెప్టెంబరు క్వార్టర్ నుంచే ఉంటే, ఇందులో 1837 నుంచీ ఉంది. తల్లి పేరు బర్ట్‌విసిల్ అయిన పిల్లలనూ దీంతో పట్టుకోవచ్చు. ఇబ్బందులూ ఉన్నాయి: ఖాతా తెరవాలి, ఆడామగా విడివిడిగా వెతకాలి, ఒక్కసారికి ఎంచుకున్న ఏడాదికి అటూఇటూ రెండేళ్లే చూపిస్తుంది. పదేళ్ల లెక్కకు ఇది విసుగు, ఒక్క మనిషిని వెతకడానికి మాత్రం ఫ్రీబీఎండీ కంటే మెరుగు. వ్యాప్తి లెక్కకు సర్టిఫికెట్లు కొననక్కర్లేదు.

1837కు ముందు ఈ రెండూ మూగవే. అక్కడ పారిష్ రిజిస్టర్లు, అంటే స్థానిక చర్చీలు రాసి ఉంచిన పుస్తకాలు, కావాలి. వాటిని ఉంచమని ఆజ్ఞ వచ్చింది 1538లో, కానీ అన్ని పారిష్‌లవీ అంత వెనక్కి మిగల్లేదు. ఈ పేరుకైతే లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ ఉచిత డేటాబేస్‌లో పాడిహమ్, బర్న్‌లీ, ఆల్తమ్, గ్రేట్ హార్‌వుడ్ చర్చీల నుంచి మొదలుపెట్టండి. స్కాట్లండ్‌కు వెళ్లిన శాఖ ఉంటే దాని నమోదు వేరు, అది 1855లో మొదలైంది, దానికోసం ఫ్రీబీఎండీలో వెతకొద్దు.