ఒంగోలులో రెండు రోజుల గనుల షేర్ల మదింపు తరగతి: కట్టిన 3,500 రూపాయలకు దక్కినది, దక్కనిది

చీమకుర్తి రాయి మా జిల్లా వారికి కొత్త కాదు, ఆ రాయిని నమ్ముకున్న షేరు మాత్రం కొత్త. ఇక్కడ గ్రానైట్ తవ్వే మిడ్‌వెస్ట్ లిమిటెడ్ 2025 అక్టోబరులో 1,014 నుంచి 1,065 రూపాయల ధరల శ్రేణితో 451 కోట్ల పబ్లిక్ ఇష్యూకు వచ్చి, అదే నెల 24న ఎక్స్ఛేంజీల్లో నమోదైన తరువాత, క్వారీ లారీలను చూస్తూ పెరిగిన మావాళ్ళలో చాలామందికి గనుల కంపెనీల షేర్ల మీద ఆసక్తి పుట్టింది. ఆ ఆసక్తిని గమనించిన ఒక శిక్షణ సంస్థ, చిన్న గనుల కంపెనీల షేర్లకు విలువ కట్టడం నేర్పుతామని ఒంగోలులో శని, ఆదివారాలు తరగతి పెట్టింది. భోజనాలు, చీమకుర్తి వరకు బస్సు కలిపి రుసుము 3,500 రూపాయలు. నేను ఒక గ్రానైట్ యార్డులో ఇరవై రెండేళ్ళు లెక్కలు రాసి విశ్రాంతి తీసుకున్నవాడిని. దాచుకున్న దానిలో కొంత ఇటువంటి షేర్లలో ఉంది. ఈ సమీక్షలో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

శనివారం గురించి చెప్పవలసినది తక్కువ. ధర–ఆదాయ నిష్పత్తి, పుస్తక విలువ (ఖాతాలోని ఆస్తుల్లో అప్పులు పోగా మిగిలేది), అప్పుల నిష్పత్తి వంటి పాఠాలు ఏ కంపెనీకైనా చెప్పేవే. సిమెంటు కంపెనీకి, మందుల కంపెనీకి వాడే కొలబద్దనే గనికీ పెడుతూ మధ్యాహ్నం వరకు గడిపారు. హాలులో కూర్చున్న నలభై మందిలో సగం మంది ఆ పాటికే అవన్నీ ఫోనులో చూసుకునేవారు. పైగా చేతికిచ్చిన నోట్సు మొత్తం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో పాఠం చెప్పగలిగిన మనిషికి తెలుగులో నోట్సు రాయించడం ఎందుకు కష్టమైందో నాకు బోధపడలేదు.

అయితే ఆ రోజే ఒక మంచి విషయం కూడా గమనించాను. ఉపన్యాసకుడు ఏ కంపెనీ షేరునూ కొనమని గాని అమ్మమని గాని చెప్పలేదు. శిక్షణ మాత్రమే ఇచ్చేవారు గడిచిన మూడు నెలల మార్కెట్ ధరలను చూపి షేర్ల గురించి చెప్పరాదని 2025 జనవరిలో షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్పష్టం చేసిందని ముందే వివరించి, లెక్కలన్నీ ఒక ఊహా కంపెనీ మీద చేయించారు. పాఠం పేరుతో చిట్కాలు అమ్మేవారిని ఇంతకు ముందు చూసి ఉన్నాను గనుక, ఇది చిన్న విషయంగా నాకు అనిపించలేదు.

తరగతికి ప్రాణం వచ్చింది శనివారం సాయంత్రం, అదీ ఉపన్యాసకుడి వల్ల కాదు. ఊహా కంపెనీ మార్కెట్ విలువ 240 కోట్లు, పన్ను పోను ఏటి లాభం 24 కోట్లు, అంటే ధర ఆదాయానికి పది రెట్లు, ఇతర రంగాలతో పోలిస్తే చౌక అని ఆయన తెర మీద చూపుతుండగా, వెనుక వరుసలోని ఒక పొగాకు రైతు లేచి, "సారూ, కౌలు గడువు దగ్గర పడిన పొలాన్ని సొంత పొలం ధరకు ఎవరన్నా కొంటారా? ఆ గని లీజు ఎన్నేళ్ళు మిగిలిందో చెప్పకుండానే చౌక అంటున్నారే" అన్నారు. హాలంతా నవ్వింది. ఉపన్యాసకుడు నొచ్చుకోలేదు సరికదా, ప్రొజెక్టరు ఆపించి, బోర్డు మీద మొదటి నుంచి లెక్క వేశారు. మిగిలిన రెండు గంటలూ నా ఉద్దేశంలో రుసుములో సగానికి సరిపోయాయి.

ఆ లెక్క ఇది. ఊహా కంపెనీ లీజు భూమిలో తవ్వదగిన రాయి 20 లక్షల ఘనపు మీటర్లు. అందులో అమ్ముడుపోయే బ్లాకులుగా వచ్చేది 15 శాతం, అంటే 3 లక్షల ఘనపు మీటర్లు. ఏటా 20 వేల చొప్పున తీస్తే 15 ఏళ్ళు వస్తుంది. కాని లీజుకు మిగిలినది 11 ఏళ్ళే. పునరుద్ధరణ జరగకపోతే ఏటా 24 కోట్ల చొప్పున మొత్తం మీద చేతికి వచ్చేది 264 కోట్లు. ఆ తరువాత గొయ్యి మిగులుతుంది, దాన్ని చట్టప్రకారం సరిచేసే ఖర్చు మిగులుతుంది. 240 కోట్లు పెట్టి పదకొండేళ్ళలో 264 కోట్లు రాబట్టుకోవడమంటే ఏటికి రెండు శాతం కూడా గిట్టనట్టే. పొదుపు ఖాతాలో వేసుకున్నా అంతకు తక్కువ రాదు. గనిలోని కష్టనష్టాలకు తగినట్టు ఏటా 15 శాతం ప్రతిఫలం కోరే మదుపరి, రాబోయే ఒక్కో ఏటి లాభాన్ని ఆ చొప్పున తగ్గించుకుంటూ కూడితే, ఆ కంపెనీ ఇవాళ్టి విలువ సుమారు 126 కోట్లు. లీజు పొడిగింపు ఖాయమనుకుని పూర్తి 15 ఏళ్ళు లెక్కించినా సుమారు 140 కోట్లే. దూరపు ఏళ్ళ లాభం ఇవాళ్టి విలువలో ఎంత పలచబడుతుందో, లీజు పొడిగింపు వార్తకు షేరు ఎగబాకినప్పుడు ఎందుకు జాగ్రత్త పడాలో ఆ రెండు అంకెల పక్కన నిలబడితే తెలిసింది.

గ్రానైట్ చిన్నతరహా ఖనిజం, అంటే రాష్ట్రాల అజమాయిషీలో ఉండేది గనుక దాని లీజులు సాధారణంగా 20 నుంచి 30 ఏళ్ళవి. 2015 నాటి చట్ట సవరణ తరువాత భారీ ఖనిజాల లీజులకు 50 ఏళ్ళ గడువు ఉంది. ఈ తేడా చెప్పినందుకు సంతోషించాను గాని, వెంటనే వచ్చిన స్లయిడులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, ముగ్గురాయి చిన్నతరహా ఖనిజాల జాబితాలో కనిపించాయి. అది పాత జాబితా. 2025 ఫిబ్రవరి 20న కేంద్రం ఈ నాలుగింటినీ తిరిగి భారీ ఖనిజాలలో చేర్చింది. లిథియం, బెరిల్ వంటి కీలక ఖనిజాలు వీటితో కలిసి దొరుకుతాయన్నది కారణం. ఎక్కడో ఉన్న ఊరికైతే ఇది చిన్న పొరపాటే కావచ్చు. సైదాపురం వైపు అభ్రకం గనుల పక్కన పుట్టి పెరిగినవారు హాలులో నలుగురైదుగురు ఉన్నారు. వారు చూసే కంపెనీకి లీజు కాలం, తవ్విన ఖనిజానికి కట్టే రాయల్టీ, ఎవరికి లెక్క చెప్పాలన్నది, అన్నీ ఆ ఒక్క నోటిఫికేషన్‌తో మారిపోయాయి. చేయెత్తి చెప్పాను, ఉపన్యాసకుడు ఒప్పుకుని రాసుకున్నారు. రుసుము తీసుకునే తరగతిలో స్లయిడ్లు తాజాగా ఉంచడం శ్రోతల బాధ్యత కాకూడదు.

ఆదివారం ఉదయం బస్సు సంతనూతలపాడు మీదుగా చీమకుర్తి చేరింది. భద్రతా నియమాల వల్ల క్వారీ లోపలికి పంపరని, పై అంచు నుంచి మాత్రమే చూడవచ్చని అక్కడికి చేరిన తరువాత చెప్పారు. కరపత్రంలో 'క్వారీ సందర్శన' అని అచ్చు వేసినవారు ఆ మాట ముందే చెప్పవలసింది. అయినా నాకు విచారం లేదు, ఎందుకంటే చూడవలసిన పాఠం లోపల కంటే బయటే ఎక్కువగా ఉంది. రామతీర్థం వైపు బస్సు దిగగానే ముందు కనిపించేవి గొయ్యిలు కావు, డంపులు. ఊళ్ళకు కొత్తగా కొండలు మొలిచాయా అన్నట్టుండే ఆ గుట్టలన్నీ పనికిరాదని పారబోసిన రాయే. బంగారు చుక్కల నల్లరాయిని లోకమంతా గ్రానైట్ అని కొంటున్నా, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపులు. ఈ పిట్టకథ చెప్పి ఉపన్యాసకుడు అసలు సంగతికి వచ్చారు: ఈ గుట్టలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో, బ్లాకులు ఎంత వేగంగా బయటకు పోతున్నాయో, ఆ రెండింటి నిష్పత్తే ఈ వ్యాపారం.

మళ్ళీ అదే కంపెనీ. ఏటా కదిలించే రాయి సుమారు 1,33,000 ఘనపు మీటర్లు. అందులో 15 శాతం బ్లాకులుగా వస్తే 20 వేల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 40 వేల చొప్పున 80 కోట్ల అమ్మకం. ఖర్చులు 48 కోట్లు. పన్నుకు ముందు లాభం 32 కోట్లు, పావు వంతు పన్ను పోగా 24 కోట్లు. ఇప్పుడు పగుళ్ళున్న రాయి తగిలి, బ్లాకుల రాబడి 15 నుంచి 12 శాతానికి జారిందనుకుందాం. డీజిలు, రాయిని కోసే వైరు సా, కూలీ ఖర్చు కదిలించిన రాయికి గాని అమ్మిన బ్లాకుకు కాదు గనుక ఖర్చు దాదాపు అలాగే ఉంటుంది. అమ్మకం 64 కోట్లకు, పన్నుకు ముందు లాభం 16 కోట్లకు, పన్ను పోగా 12 కోట్లకు దిగుతాయి. మూడు శాతం తేడాకు లాభం సగమైంది. 126 కోట్లనుకున్న విలువ 63 కోట్లయింది. లీజు పొడిగింపు 14 కోట్లు కలిపితే, బ్లాకుల రాబడి జారడం 63 కోట్లు తీసేసింది. డంపు ఎదుట నిలబడి ఈ లెక్క వినడం వేరు, హాలులో వినడం వేరు.

ఇక్కడ యార్డు అనుభవం ఉన్నవాడిగా నాకు లోపం కనిపించింది. ఘనపు మీటరు 40 వేలు అన్న ఒకే ధరతో లెక్క ముగించడం సరికాదు. గ్యాంగ్‌సా సైజు పెద్ద బ్లాకు ధర వేరు, కట్టర్ సైజు చిన్న బ్లాకు ధర వేరు. చుక్క పెద్దదా చిన్నదా, తెల్ల గీత పడిందా అన్నదాన్ని బట్టి ఒకే గొయ్యిలో నుంచి వచ్చిన రెండు బ్లాకుల ధరల మధ్య ఎంతో వ్యత్యాసం ఉంటుంది. కొనేవారు అంచులకు తరుగు తీసి నికరపు కొలతకే డబ్బు ఇస్తారు గనుక, ఉత్పత్తిని మొత్తపు కొలతలోనూ అమ్మకాన్ని నికరపు కొలతలోనూ చూపే నివేదికను చదివేటప్పుడు రెండూ ఒకటే అనుకోకూడదు. అన్నిటికీ మించి, అమ్ముడుపోని బ్లాకులు ఖాతాలో సరుకు నిల్వగా కూర్చుని ఆస్తిలా కనిపిస్తాయి. అమ్మకాల కంటే నిల్వలు, రావలసిన బాకీలు వేగంగా పెరుగుతున్న కంపెనీ యార్డును ఒక్కసారి కళ్ళారా చూసినవారు దాని పుస్తక విలువను అంత సులభంగా నమ్మరు. ఈ మాటలకు తరగతిలో పది నిమిషాలు కూడా దక్కలేదు. కెనడాకు చెందిన బ్రె–ఎక్స్ అనే కంపెనీ ఇండోనేషియాలో లేని బంగారాన్ని ఉన్నట్టు చూపి 1997లో కుప్పకూలిన కథకు మాత్రం గంట దక్కింది. కథ ఆసక్తికరమే. కాని రాయి ఉందా లేదా అన్నది చీమకుర్తిలో సమస్య కాదు.

మధ్యాహ్నం భోజనం తరువాత జరిగిన ఒక ప్రదర్శనను మాత్రం నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌ను తెరిచి, గని పర్యావరణ అనుమతి పత్రాన్ని ఎలా వెదకాలో, అందులో లీజు విస్తీర్ణం, ఏటా తవ్వడానికి అనుమతించిన పరిమాణం ఎక్కడ ఉంటాయో, వాటిని వార్షిక నివేదికలోని ఉత్పత్తితో ఎలా సరిచూడాలో అందరి చేతా ఫోనుల్లో చేయించారు. ఒడిశా ఇనుప ఖనిజ గనుల కేసులో 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు, అనుమతిని మించి తవ్విన ఖనిజపు పూర్తి విలువను రాబట్టవచ్చని తీర్పు ఇచ్చిన తరువాత, అనుమతించిన దాని కంటే ఎక్కువ ఉత్పత్తి చూపడం మదుపరికి శుభవార్త కాదని ఆయన చెప్పిన తీరు బాగుంది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జులై 25న 8–1 మెజారిటీతో వచ్చిన తీర్పును, 2005 ఏప్రిల్ నుంచి బకాయిలను 2026 ఏప్రిల్ మొదలు 12 ఏళ్ళ వాయిదాల్లో వసూలు చేయవచ్చన్న తదుపరి ఉత్తర్వును కూడా, కంటింజెంట్ లయబిలిటీల (మున్ముందు మీద పడే అవకాశమున్న బాకీల) నోటు చదవడం నేర్పుతూనే చెప్పారు. వార్షిక నివేదికలో ఆ పేజీని నేను ఇన్నాళ్ళూ తిప్పేసేవాడినని ఒప్పుకోక తప్పదు.

చిన్న కంపెనీ షేరును కొనడం కంటే అమ్మడం కష్టమన్న విషయం చివరి పావుగంటలో హడావుడిగా ముగిసింది. చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం ఉన్న ఎస్ఎంఈ వేదికల్లో షేర్లు లాట్లుగానే (నిర్ణీత సంఖ్యలో కట్టలుగా) కొనాలి, లాట్లుగానే అమ్మాలి. 2025 జులై నుంచి పబ్లిక్ ఇష్యూలో వ్యక్తిగత మదుపరి కనీస దరఖాస్తు రెండు లాట్లు, 2 లక్షల రూపాయలకు పైమాటే. కొనేవారు లేని రోజున లెక్క కట్టిన విలువ కాగితం మీదే ఉండిపోతుంది. 126 కోట్లన్న అంకెలో ఈ ఇబ్బందికి ఎంత కోత పెట్టాలని అడిగాను. సమాధానం వచ్చేలోగా ఒక బ్రోకరేజి సంస్థ ప్రతినిధి ఖాతా తెరిచే ఫారాలు పంచడం మొదలుపెట్టారు. డబ్బు కట్టి వచ్చినవారికి ఇది చేయదగిన పని కాదు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో మూడు, బోర్డు మీద వేసిన లెక్కకు, ఆదివారానికి. నిష్పత్తులు తెలిసినవారు శనివారం సాయంత్రం నుంచి చేరవచ్చా అని నిర్వాహకులను అడిగితే, విడిగా అమ్మడం లేదన్నారు. తెలుగు నోట్సు వచ్చే విడతకు ఇస్తామన్నారు. ఈలోగా గని లెక్కను నాలుగు పేజీల్లో నేనే తెలుగులో రాసుకున్నాను. బ్లాకుల రాబడికి, నికరపు కొలతకు, సరుకు నిల్వకు మూడు గడులు అదనంగా గీశాను. ఒక ప్రతి ఆ పొగాకు రైతు పట్టుకెళ్ళారు.