గీకుడా, మందా? పాత ఫైబర్ బోటుకు రంగు మార్చే ముందు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మోటారు బోట్ల వేటకు నిషేధం. కళింగపట్నం, భావనపాడు, బారువ, విజయనగరం వైపు చింతపల్లి, కోనాడ... ఏ ఊరి ఒడ్డుకు వెళ్లినా ఆ 61 రోజులూ ఒక పక్కకు ఒరిగించిన బోట్లూ, తెరిచిన రంగు డబ్బాలూ కనిపిస్తాయి. అప్పుడు అందరూ అడిగేది ‘ఏ రంగు వేద్దాం?’ అని. అంతకు ముందే తేల్చుకోవలసింది పాత రంగు ఎలా తీయాలన్నది. వేసిన రంగు నచ్చకపోతే మళ్లీ వేసుకోవచ్చు. తీసేటప్పుడు రంగు కింద ఉండే రక్షణ పొర, అంటే జెల్‌కోట్, దెబ్బతింటే మాత్రం బోటు ఆయుష్షే తగ్గిపోతుంది.

గాజు పీచు మ్యాట్‌ను పాలియెస్టర్ రెజిన్‌తో (ఆరి గట్టిపడే చిక్కటి జిగురుతో) తడిపి పొరలు పొరలుగా వేస్తే ఫైబర్ బోటు తయారవుతుంది. ఆ పొరల పైన సుమారు అర మిల్లీమీటరు మందాన ఉండేదే జెల్‌కోట్. నీరు లోపలి పొరల్లోకి దిగకుండా కాచేది అదే. అది పోయిన చోట నీరు మెల్లగా రెజిన్‌లోకి ఇంకి బొబ్బలు లేస్తాయి. అలాంటి బొబ్బను పొడిస్తే పుల్లటి వాసన వచ్చే నీరు కారుతుంది.

తలుపులకూ ఇనుప గేట్లకూ వాడే పెయింట్ రిమూవర్‌ను బోటుకు పూయాలనుకునేవారు చాలామంది. పని తొందరగా అవుతుందన్నది నిజమే. కానీ మిథిలీన్ క్లోరైడ్ అనే రసాయనం ఉన్న ఘాటైన రకాలు రంగుతో ఆగవు, జెల్‌కోట్‌నూ మెత్తబరుస్తాయి. ఫైబర్ కోసమే చేసిన రిమూవర్లు ఉన్నాయి. అవి నిదానంగా పనిచేస్తాయి, బోటుకు హాని తక్కువ. అవి దొరికితే వాడండి, దొరకకపోతే మామూలు డబ్బా జోలికి వెళ్లకండి. వేడి గాలి గన్నుతో రంగు ఉబ్బించి తీయడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ఆ వేడికి రెజినే మెత్తబడుతుంది. ఇసుక బ్లాస్టింగ్ ఇనుప ఓడల పని. ఫైబర్ మీద అది సన్నని గుంటలు చేస్తుంది, ఆ ఇసుక దుమ్ము పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

మిగిలింది చేతి పని. నేను గట్టిగా చెప్పేది దీన్నే. ముందు మంచినీటితో ఉప్పంతా కడగాలి. ఆరాక ఒక గుడ్డతో థిన్నరు పూసి, అది ఆరకముందే ఇంకో గుడ్డతో తుడవాలి. ఇది చేయకుండా రుద్దితే డీజిలు, గ్రీజు జిడ్డు గీతల్లోకి దిగి కొత్త రంగు పట్టదు. తర్వాత మూలలు గుండ్రంగా అరగదీసిన స్క్రేపరుతో వదులైన రంగు గీకి, శాండరుకు 80 నంబరు గరుకు కాగితం, ఆపైన 120 వాడాలి. డిస్కు గ్రైండరు పెడితే పని ఒక్క పూటలో తేలిపోతుంది కానీ బోటు ఒళ్లంతా పల్లాలు పడతాయి.

ఎక్కడ ఆపాలో రాలే పొడి రంగే చెబుతుంది. పై ఎరుపు, దాని కింద ఏనాటిదో నీలం, తర్వాత తెల్లటి పొడి రాలడం మొదలైతే చాలా బోట్లలో అది జెల్‌కోటే. అక్కడితో చేయి తీసేయాలి. గాజు పీచు అల్లిక కనిపించిందంటే హద్దు దాటినట్టే, అక్కడ మళ్లీ రెజిన్ పట్టించాలి. ఆ దుమ్ములో గాజు ఉంటుంది, పాత రంగుల్లో సీసం కూడా ఉండవచ్చు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, దుమ్ము ఆపే అసలైన మాస్కు కావాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక రంగు. జెల్‌కోట్‌తోనే మళ్లీ పూత వేయాలన్న ఆశ ఉంటుంది. అది అచ్చులో వేయడానికి తయారైన సరుకు. గాలి తగిలే వైపు మైనం కలపకపోతే జిగటగానే ఉండిపోతుంది, బ్రష్షుతో వేస్తే బోటంతా రుద్ది పాలిష్ పట్టాలి. కింద ఎపాక్సీ (మరో రకం రెజిన్) పుట్టీ ఉంటే దాని మీద సరిగా గట్టిపడదు కూడా. చిన్న అతుకులకు సరే, మొత్తం బోటుకు వద్దు.

అసలు పోటీ ఎనామిల్‌కూ, రెండు డబ్బాలు కలిపే పాలియురేథేన్‌కూ మధ్య. ఎనామిల్ చవక, ప్రతి ఊళ్లో దొరుకుతుంది, ఏటా కాస్త గరుకు చేసి మళ్లీ వేసుకోవచ్చు. అయితే మన ఎండకు త్వరగా వెలిసి సున్నంలా చేతికి అంటుతుంది, నిత్యం నీటిలో ఉండే భాగంలో నిలవదు. ఎపాక్సీ ప్రైమరు మీద వేసిన పాలియురేథేన్ గట్టిది, ఏళ్లపాటు మెరుస్తుంది. ఎపాక్సీని అలాగే ఎండకు వదిలితే పొడిపొడి అవుతుంది కాబట్టి పై పూత తప్పదు. ఖర్చు ఎనామిల్‌కు ఎన్నో రెట్లు. రంగును గట్టిపరిచే రెండో డబ్బా, హార్డనరు, కొలత తప్పితే ఎండదు. అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు చేటు, ఒడ్డున స్ప్రే గన్ను ఎత్తకుండా రోలరుతో వేయండి.

పాలియురేథేన్‌కు తేమ పడదు. తెల్లవారి మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, సముద్రపు గాలి ఇసుకను లేపకముందే ముగించాలి. మరో షరతు: కింద పాత ఎనామిల్ మిగిలి ఉంటే ఈ రకం థిన్నరు దాన్ని ముడతలు పడేలా లేపేస్తుంది. పాత రంగు పూర్తిగా తీసే ఓపిక లేనివారికి ఎనామిలే మేలు.

రోజూ ఇసుక మీదికి లాగే వేట బోటుకైతే నా సలహా ఇలా ఉంటుంది. బయటి పక్కలకు పాలియురేథేన్, లోపలికి ఎనామిల్. ఇసుకకు ఒరుసుకునే అడుగు పట్టీకి ఏ రంగూ ఆగదు, ఆ డబ్బుతో ఒక మ్యాట్ పొర, రెజిన్ వేయించుకోవడం మంచిది. నాచు, గుల్లలు పట్టకుండా వేసే రాగి రంగు వంశధార మొగలో నిత్యం నీటిలోనే నిలిచే బోటుకు అవసరం. ఒడ్డెక్కే బోటుకు అది దండగ.

ఒక్క డబ్బా కొనకముందే ఇంజను దించి, అది బిగించే వెనుక పలకను చిన్న సుత్తితో తట్టి చూడండి. చాలా బోట్లలో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. టక్‌మని గట్టిగా పలికితే రంగు పని మొదలుపెట్టవచ్చు. మొద్దుగా పలికితే, లేదా బోల్టు రంధ్రాల నుంచి గోధుమరంగు నీరు కారితే, లోపల చెక్క కుళ్లింది. అప్పుడు ఈ నిషేధ కాలం ఆ పలక మార్చడానికే కేటాయించండి, రంగు తర్వాతి ఏడాది చూసుకోవచ్చు.