ప్రకటనల ఫోన్లు, మెసేజులు ఆపే 1909 సేవ: నాలుగు నెలలు వాడాక నా మాట

మాది రాజమండ్రిలో చిన్న టైలరింగ్ షాపు. బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ ఆర్డర్లు తీసుకుంటాను. నా ఫోన్ నంబరే షాపు నంబరు కాబట్టి ఎవరు చేసినా ఎత్తాల్సిందే. శ్రావణంలో చేతినిండా పని ఉన్నప్పుడు రోజుకు ఏడెనిమిది ఫోన్లు: "మేడమ్, హైవే పక్కన వెంచర్, సైట్ చూపించి తీసుకొస్తాం." విసిగిపోయి కొత్త నంబర్లు ఎత్తడం మానేశాను. అలా వదిలేసినవాటిలో ఒకటి పెళ్లికూతురి అమ్మగారిది. ముహూర్తం రెండు రోజులు ముందే కుదిరిందని చెప్పడానికి చేశారట. ఆ బ్లౌజు కోసం రాత్రి రెండింటిదాకా మిషన్ మీదే ఉన్నాను.

మర్నాడే ఇంగ్లిష్‌లో 'స్టార్ట్' అని, పక్కన సున్నా పెట్టి 1909కి మెసేజ్ పంపాను. డబ్బులేమీ పడవు. బ్యాంకులు, రియల్ ఎస్టేట్, చదువులు అని రకాల వారీగా కూడా ఆపుకోవచ్చు, నేను అన్నీ ఆపేశాను. ఓటీపీలు కూడా ఆగిపోతాయేమోనని టెన్షన్ పడ్డాను గానీ, అవి మామూలుగానే వస్తున్నాయి. 140తో మొదలయ్యే ఫోన్లు, పంపినవాళ్ల పేరు చివర 'పీ' అక్షరం ఉండే ప్రకటన మెసేజులు కొద్ది రోజుల్లోనే తగ్గిపోయాయి.

ప్లాట్లవాళ్లు మాత్రం ఆగలేదు. వాళ్లు మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేస్తారు. ప్రకటనల ఫోన్లు చేయడానికి రిజిస్టర్ చేసుకోని ఇలాంటి వాళ్లకు మనం డీఎన్‌డీలో, అంటే ప్రకటనలు వద్దని 1909కి చెప్పినవాళ్ల జాబితాలో, ఉన్నామా లేదా అన్న పట్టింపే ఉండదు. చాలామంది ఇక్కడే "దీనివల్ల లాభం లేదు" అని వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఫోన్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చింది. ఫోన్ వచ్చిన 7 రోజుల్లోపు 1909కే ఫిర్యాదు చేయవచ్చు, ఇదివరకు 3 రోజులే. డీఎన్‌డీ పెట్టుకోనివాళ్లూ చేయవచ్చు. ఒకే నంబరు మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చర్య మొదలవ్వాలి. అంటే నా ఒక్కదాని ఫిర్యాదు చాలదు, మీదీ కావాలి.

నా మొదటి ఫిర్యాదు చెల్లలేదు, తేదీ రాయలేదు మరి. ఫోన్‌లో ఏం చెప్పారో, ఏ నంబరో, ఏ తేదీనో మూడూ ఉండాలి. ఇంకొకదాన్ని మా సిమ్ కంపెనీ ఏం చేసిందో చెప్పకుండానే 'పరిష్కరించాం' అని మూసేసింది. అది నాకు నచ్చలేదు. ఆ వెంచర్ నంబరు మీద నేను, మా షాపులో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు, ఎదురు ఫ్యాన్సీ షాపు అక్క కలిసి పంపాక అది మళ్లీ మోగలేదు. వారానికి ఇంకో నంబరు నుంచి మొదలెట్టారు, దానిమీదా పంపాం.

వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు దీని కిందకు రావు, అక్కడ మనమే బ్లాక్ చేసుకోవాలి. అందుకే ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఇప్పుడు రోజుకు ఒకటో రెండో వస్తున్నాయి. కొలతల పుస్తకం చివరి పేజీలో నంబరు, తేదీ రాసుకుని, షాపు మూశాక 1909కి పంపుతున్నాను. కొత్త నంబర్లు మళ్లీ ఎత్తుతున్నాను.