మూడు వేల ఐదు వందల మధుబని బొమ్మ: కొన్నాను, ఫ్రేమ్ కట్టించాను

కూకట్‌పల్లిలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. మగ్గం వర్క్ కూడా చేస్తాం. ఏ బ్లౌజు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అయితే వెనకాల ఒకే రంగు దారం, అతికించిన తెల్ల కాగితం కనిపిస్తాయి. చేతిపని అయితే ముడులుంటాయి, ఒకచోట దారం అయిపోయి ఇంకోచోట మొదలెట్టిన గుర్తులుంటాయి.

బొమ్మల్ని కూడా అలాగే చూడాలని తెలియక మొదటిసారి మోసపోయాను. పోయిన దీపావళికి ఆన్‌లైన్‌లో "చేత్తో వేసిన మధుబని పెయింటింగ్" (బీహార్ ఆడవాళ్ళు వేసే బొమ్మలు) అని 899 రూపాయలకు తెప్పించాను. రెండు నెమళ్ళు. గోడకి తగిలించిన వారానికి తెలిసింది, ఎడమ నెమలి తోకలో ఎక్కడ చుక్క తప్పిందో, కుడి నెమలి తోకలో కూడా సరిగ్గా అక్కడే తప్పింది! వాపసు తీసుకోండి అంటే "కళాకృతులు వెనక్కి తీసుకోం" అన్నారు. కళాకృతి అట.

రెండోది జనవరిలో ఇక్కడి హస్తకళల మేళాలో కొన్నాను. ఈ రివ్యూ దాని గురించే.

స్టాల్‌లో కూర్చున్నామెకి నలభై ఏళ్ళుంటాయి. బీహార్‌లో మధుబని పక్కనే ఉన్న జితవార్‌పూర్ అట ఊరు. పక్కన ఆమె తమ్ముడు. వచ్చినవాళ్ళందరూ ధర అతన్నే అడుగుతున్నారు, అతను ప్రతిసారీ అక్క వైపు చెయ్యి చూపిస్తున్నాడు. మా షాపులో కూడా ఇదే తంతు. కుట్టేది నేనైతే, బిల్లు దగ్గర అందరూ మా ఆయన మొహం చూస్తారు.

చేపలు, తామరలు, రాధాకృష్ణులు చాలా ఉన్నాయి. నేను తీసుకుంది రైల్లో ఆడవాళ్ళ పెట్టె బొమ్మ. 15 అంగుళాలు, 22 అంగుళాలు. ఎనిమిది మంది ఆడవాళ్ళు, అందరూ పక్క మొహాలే, చేపలాంటి పెద్ద కళ్ళు. ఒకామె చంటిదానికి పాలిస్తోంది, ఒకామె ఫోన్ మాట్లాడుతోంది, ఒకామె కాళ్ళు పైకి పెట్టుకుని నిద్రపోతోంది. ఎనిమిది చీరలకీ ఎనిమిది రకాల గీతలు. రంగు నింపితే భర్ని, సన్నని గీతలతోనే నింపితే కచ్నీ అని చెప్పింది. ఇది కచ్నీ, నలుపు, ఎరుపు రెండే రంగులు.

వెనక్కి తిప్పాను. ఆమె నవ్వింది. సిరా అక్కడక్కడ వెనక్కి దిగింది, పాళీ గట్టిగా నొక్కినచోట వేలికి తగులుతోంది. అంచున రెండు గీతలు పక్కపక్కనే వెళ్తాయి కదా, వాటి మధ్య సందు ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు. చిన్నప్పటి నుంచి ముగ్గులు వేసినదాన్ని, చెయ్యి ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుందో నాకు తెలుస్తుంది. కాగితానికి ఆవుపేడ నీళ్ళు పూసి ఆరబెట్టారు, మట్టి గోడ రంగు వచ్చింది. కొత్తలో లేతగా వాసన ఉంటుంది, నాలుగైదు రోజుల్లో పోయింది.

ధర 3,500 అంది. నేను బేరమాడాను. మా దగ్గర మగ్గం వర్క్‌కి బేరమాడేవాళ్ళని ఎన్ని తిట్టుకుంటానో దేవుడికే తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు. తొమ్మిది రోజులు పట్టింది దీదీ అంది, అని 3,200 తీసుకుంది. మూల సంతకం లేదు. పెట్టమంటే కాస్త సిగ్గుపడి హిందీలో పెట్టింది. పేరు చివర దేవి. మా అమ్మాయి ఇంటికొచ్చాక ఫోన్లో చూపించింది, ఈ బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు చాలామంది దేవిలే.

అప్పుడే తెలిసింది, ఇవి ఇంటి లోపలి గోడల మీద, పెళ్ళి గదుల్లో ఆడవాళ్ళు వేసుకునే బొమ్మలట. 1934 భూకంపంలో గోడలు కూలాక ఆర్చర్ అనే తెల్లదొర కంటపడ్డాయి. 1966-67 కరువులో హస్తకళల బోర్డు తరఫున పుపుల్ జయకర్ పంపిస్తే భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు కాగితాలు పట్టుకెళ్ళి ఇచ్చాడు. గోడ మీద వేసింది కాగితం మీద వేస్తే డబ్బులొచ్చాయి. జగదంబాదేవికి 1975లో, సీతాదేవికి 1981లో పద్మశ్రీ. ఇళ్ళల్లో పనిచేసుకుంటూ నేర్చుకున్న దులారీదేవికి 2021లో. ఆమె ఇచ్చిన చీరే మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ గారు 2025 బడ్జెట్ రోజు కట్టుకున్నారు. ఆ చీర డిజైన్ కావాలని నా దగ్గరికే నలుగురొచ్చారు, అప్పుడు ఎవరిదో నాకు తెలీదు.

నన్ను పట్టుకుంది గంగాదేవి. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఈమె బొమ్మలు వేసుకుంటూ అమెరికా దాకా వెళ్ళి, అక్కడ ఎక్కిన రోలర్ కోస్టర్‌ని కూడా కచ్నీ గీతల్లో వేసింది. 1984లో పద్మశ్రీ. తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఢిల్లీలో వైద్యం చేయించుకుంటూ ఆ ఆస్పత్రినీ, మంచాన్నీ, తననీ కూడా బొమ్మల్లో పెట్టింది. ఆ కాలంలోనే అక్కడి క్రాఫ్ట్స్ మ్యూజియంలో గది గోడల నిండా పెళ్ళి గది బొమ్మ వేసింది. 1991లో పోయింది. 2015 మరమ్మతుల్లో ఆ గోడలూ పోయాయి. ఇది చదివిన రోజు నాకు పని సాగలేదు.

ఇక లోపాలు. స్టాల్‌లో ప్యాకింగ్ దండగ. న్యూస్‌పేపర్‌లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిచ్చారు, బస్సులో ఓ మూల నలిగింది. గట్టి అట్ట గొట్టం మీరే పట్టుకెళ్ళండి. కార్డు మెషిన్ లేదు, ఫోన్‌పే ఒక్కటే. ఫ్రేమ్ విషయంలో ఇంకా జాగ్రత్త. మా దగ్గర్లో ఒకాయన నన్నడక్కుండా బొమ్మ వెనక ఫెవికాల్ రాసి అట్టకి అంటించేశాడు. ఇప్పుడు వెనక్కి తిప్పి చూసే భాగ్యం లేదు. అంటించొద్దని, అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ మౌంట్ (అట్ట అంచు) పెట్టమని ముందే చెప్పండి. ఫ్రేమ్‌కి 1,400 అయ్యింది. బొమ్మకి అయిదుకి అయిదు, మిగతావాటికి రెండు.

ట్రయల్ రూమ్ పక్కన తగిలించాను. పోయిన నెల ఒకావిడ ఆ అంచులో చేపలు బ్లౌజు వీపు మీద కావాలన్నారు. చెయ్యగలను అనుకుని కూర్చున్నాను. జానెడు అంచుకి నాలుగు గంటలు పట్టింది, అదీ రెండుసార్లు విప్పి. ఆ రాత్రి బొమ్మ వేసినామె నంబరుకి 300 పంపాను. పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది, "దీదీ, ఈ డబ్బులు దేనికి?" అని. ఏమని చెప్పాలో తెలీక ఇంకా జవాబివ్వలేదు.