కోఠీలో క్యాసెట్ల కొట్టు: మా అమ్మమ్మ పాట వరస దొరికింది

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో స్పీకర్లు, వైర్లు, రిమోట్లు అమ్మే షాపుల మధ్య ఒక ఇరుకు మెట్ల దారి ఉంది. ఎక్కితే రెండో అంతస్తులో ఒకే గది. బోర్డు లేదు. గోడ పొడవునా పాత టేప్ డెక్కులు, స్పూల్ మిషన్లు, ఒక మూల విప్పి పెట్టిన వీసీఆర్లు. పాత క్యాసెట్లలో ఉన్నదాన్ని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇవ్వడం అక్కడి పని. నడిపేది అరవై దాటిన ఒక పెద్దాయన, సాయానికి ఒక కుర్రాడు. నేను ఒకే ఒక్క క్యాసెట్ తీసుకుని వెళ్లాను. మొత్తం 1,150 రూపాయలు తీసుకున్నారు, పన్నెండు రోజులు పట్టింది. నాకు దక్కినదాని ముందు అది ఏమంత ఖర్చు కాదు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ పాడే పాట ఒకటి నలభై ఏళ్లుగా నా నోట్లో సగమే ఉండిపోయింది. రెండు పాదాల వరస గుర్తుంది, మూడోది ఎటు తిరుగుతుందో తెలియదు. మాటల్లో 'నిద్దుర' అన్న ఒక్క మాట తప్ప ఏమీ గుర్తులేదు. ఆ వరస తలుచుకుంటే కళ్ల ముందు చల్లకుండ, కవ్వం, అటూ ఇటూ ఊగే అమ్మమ్మ భుజాలు కనబడేవి. అందుకని అది చల్ల చిలికేటప్పుడు పాడే పాట అనే అనుకుంటూ వచ్చాను. పనిపాటల పుస్తకాల్లో చాలా వెతికాను కూడా. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు, ఊడ్పుల పాటలు ఎన్నో చదివాను. బిరుదురాజు రామరాజు గారి వంటి వాళ్లు ఊరూరా తిరిగి పోగుచేసిన సంపద అది, వాళ్లకు దణ్ణం పెట్టాలి. కానీ పుస్తకంలో ఉండేది మాట. నాకు కావలసింది వరస. ఒకే వరసలో పది పాటలు నడుస్తాయి, ఒకే పాట పది ఇళ్లలో పది వరసల్లో నడుస్తుంది. మాటే తెలియని నాకు పుస్తకం ఏం చెబుతుంది?

కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పే సౌకర్యం ఇప్పుడు ఫోన్లలో ఉంది కదా, అదీ ప్రయత్నించాను. మూడు రోజులు, మూడు శ్రుతుల్లో పాడాను. ప్రతిసారీ ఏదో ఒక సినిమా పాటే చూపించింది. దాని తప్పేం లేదు. అప్పటికే ఎక్కడో రికార్డై తన దగ్గరున్న పాటలతోనే అది మన కూనిరాగాన్ని పోల్చి చూస్తుంది. చల్లకుండ దగ్గర పాడిన పాటను ఎవరూ దాని చేతికి ఇవ్వలేదు. మా కాలనీలో సంగీతం చెప్పే టీచరు గారి దగ్గర ఆ రెండు పాదాలూ పాడి వినిపించాను. ఆవిడ కాసేపు విని, "పైన పంచమం దాటడం లేదు, కింద మంద్ర పంచమం దాకా దిగుతోంది. నవరోజు రాగం ఛాయ ఉందమ్మా. లాలిపాటేమో చూడండి" అన్నారు. నవరోజులో లాలిపాటలు ఎక్కువే, పైగా నా దగ్గరున్న ఒక్క మాటా 'నిద్దుర'. సరే, లాలిపాటల్లోనూ వెతికాను. దొరకలేదు.

పోయినేడు చిన్నమావయ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో ఒక సి-60 క్యాసెట్ కనబడింది. మీద బాల్‌పెన్‌తో 'అమ్మ - 84' అని రాసి ఉంది. మావయ్య కువైట్‌లో పనిచేసేవాడు. మా కోనసీమలో గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిసిన పెట్టె ఉండేది. మా ఇంట్లోదానికి ఆరు పెద్ద సెల్స్ పట్టేవి. అవి అయిపోవస్తే మావయ్య అరుగు మీద ఎండలో వరసగా పేర్చేవాడు, మళ్లీ కాస్త ప్రాణం వస్తుందని. వాటిని కాకులు తన్నుకుపోకుండా కాపలా కాయడం నా పని. అప్పుడు నాకు ఏడేళ్లు. ఈ సెల్స్ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనికి ఈ కథలో పని ఉంది.

తెలిసిన వాళ్ల దగ్గర పాత వాక్‌మన్ తెచ్చి క్యాసెట్ పెట్టాను. గోనెసంచిలోంచి వచ్చినట్టు ఉంది శబ్దం. అందులోంచి పీలగా ఒక ఆడపిల్ల గొంతు, గబగబా ఏదో పాడుతోంది. నా వరసే! ఒళ్లు జలదరించింది. కానీ ఆ గొంతు ఎవరిదో తెలియదు, ఒక్క మాటా అర్థం కాదు. రాజమండ్రిలో ఉన్న పెద్దమ్మకు ఫోన్‌లోనే వినిపించాను. ఆవిడకు 82 ఏళ్లు, వినికిడి ఇంకా బాగానే ఉంది. "అది మా అమ్మ గొంతు కాదే. ఎవరో చిన్నపిల్ల. పెట్టెయ్యి" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మర్నాడే ఎవరో చెప్పగా కోఠీ వెళ్లాను.

పెద్దాయన క్యాసెట్ చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. వెంటనే మిషన్‌లో పెట్టకపోవడం నాకు మొదట నచ్చిన విషయం. "టేపు ఖరాబ్ కాలే మేడమ్. లోపల ఫెల్టు ఊడింది, గంతే" అన్నారు. క్యాసెట్ మధ్యలో రాగిరేకు మీద అంటించిన చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌కు టేపును ఆనించి ఉంచేది అదే. అది ఊడితే టేపు వదులుగా పోతుంది, శబ్దం మసకబారుతుంది. ఆయన నాలుగు స్క్రూలు విప్పి, రెండు చక్రాలనూ టేపుతో సహా తీసి, వేరే మంచి డబ్బాలో కూర్చారు. మొదటి చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే చేత్తోనే మెల్లగా విడదీశారు. ఆ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ పని చేస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. తర్వాత డెక్కు హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచారు. క్యాసెట్ నడుస్తుండగానే హెడ్ పక్కన స్క్రూను సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ పోయారు. 'స', 'శ' అన్న అక్షరాలు ఒక్కసారిగా తేటగా వినబడ్డాయి. రికార్డు చేసిన మిషన్ హెడ్ ఎంత వంకరలో ఉందో ఈ హెడ్‌నూ అంతే వంకరకు తేవాలట. ఆ సంగతి నాకు అంతకుముందు తెలియదు.

గొంతు మాత్రం ఇంకా చిన్నపిల్లదే. "రికార్డు చేసినప్పుడు సెల్స్ వీక్ ఉండె మేడమ్. మోటరు మెల్లగ తిరిగింది. ఇప్పుడు మనం సరైన స్పీడ్ల నడిపిస్తె గొంతు సన్నగైతది" అన్నారాయన. అరుగు మీద ఎండలో పెట్టిన సెల్స్ గుర్తొచ్చి నాకు మాట రాలేదు. మెల్లగా తిరిగిన టేపును మామూలు వేగంతో వింటే పాట గబగబా పరిగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. స్వరాల మధ్య దూరాలు మారవు కాబట్టి వరస అదే ఉంటుంది, నేను గుర్తుపట్టింది అందుకే. మారేది గొంతు, నడక. పెద్దమ్మ గుర్తుపట్టనిది అందుకే.

మరి అసలు వేగం ఎంత? ఇక్కడే ఆయన పనితనం చూశాను. పాట మొదలవడానికి ముందు పది సెకన్ల పాటు ఎక్కడో దూరంగా ఒక రేడియో వినబడుతుంది. నేను దాన్ని రొద అనుకున్నాను. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండుసార్లు విని నవ్వారు. "గిది ఆకాశవాణి ట్యూన్. గిది దొరికిందంటె పని ఐనట్టే." తెల్లారుజామున స్టేషన్ తెరిచేటప్పుడు తంబురా మీద వయొలిన్‌తో వచ్చే ఆ ట్యూన్! హిట్లర్ రోజుల్లో ప్రాగ్ వదిలి 1934లో బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు శివరంజని రాగం ఆధారంగా కట్టిన బాణీ అది. పక్కింటి వాళ్ల రేడియో విజయవాడ స్టేషన్ పెట్టి ఉంటుంది. ఆ ట్యూన్ ఎప్పుడూ ఒకే రికార్డు, శ్రుతి మారదు. ఆయన దగ్గరున్న మంచి కాపీని, నా టేపులో ఉన్నదాన్ని కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి కొలిచారు. నాది 9 శాతం వేగంగా నడుస్తోంది. అంటే ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోయింది. అంత తగ్గించి వినిపించారు.

అమ్మమ్మ.

కొట్లో కుర్రాడు మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. నేను ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పెద్దాయన పని ఆపేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ మర్యాదకు కూడా కలిపే నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాట సాగేకొద్దీ సెల్స్ ఇంకా నీరసించాయి కాబట్టి చివరికి వచ్చేసరికి శ్రుతి మరికాస్త పైకి పోతుంది. అక్కడ కొలుచుకోవడానికి రేడియో లేదు. మొదట్లో ఉన్న శ్రుతికి కలిసేలా ఆఖరి ఆరు నిమిషాలు చెవితో సరిచేశానని, అది తన అంచనా మాత్రమేనని ఆయనే చెప్పారు. అడక్కపోయినా చెప్పారు. 22 నిమిషాల పాట సరిచేశాక 24 నిమిషాలు దాటింది.

ఇక పాట సంగతి. మాటలు తేటపడ్డాక అది చల్ల చిలికే పాటా కాదు, లాలిపాటా కాదు అని తేలింది. ఊర్మిళాదేవి నిద్ర. లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోతుంది. ఆయన తిరిగొచ్చి లేపితే ఎవరో పరాయి మగవాడనుకుని భయపడి, మా తండ్రి జనకరాజు వింటే ఊరుకోడని బెదిరిస్తుంది. తెలుగునాట ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాట. పుస్తకాల్లో ఉంది, నేనూ చదివాను. కానీ నా నోట్లో ఉన్న వరస దీనిదేనని చదువుతున్నప్పుడు ఎలా తెలుస్తుంది?

ఫైలు తీసుకుని ఈసారి రాజమండ్రి వెళ్లాను. పెద్దమ్మ ముందు కూర్చుని వినిపించాను. మొదటి పాదం పూర్తి కాకుండానే ఆవిడ పెదాలు కదిలాయి. మూడో పాదం అమ్మమ్మతో కలిసి పాడేసింది. నాకు తెలియని మలుపు అదే. కిందికి దిగిన వరస అక్కడ ఒక్క మెట్టు ఆగి, మళ్లీ మొదటికి వస్తుంది. పాట అయ్యాక పెద్దమ్మ అంది: "మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పాడే పాటే ఇది. తెల్లారుజామున ఎందుకు పాడిందనుకున్నావు? మీ చిన్నమావయ్యకి ఆ పొద్దునే ప్రయాణం. చప్పుడు లేనప్పుడు పాడమ్మా అని వాడే కూర్చోబెట్టాడు. అమ్మ చల్ల చిలుకుతూనే పాడింది." నాకు గుర్తున్న కవ్వం నిజమే, దాన్ని పాటకు ముడిపెట్టుకోవడమే నా పొరపాటు. ఈ వరస పేరేంటి అని అడిగితే, "పేరేంటే, మా మేనత్త వరస. ఆవిడ పాడితే అమ్మ నేర్చుకుంది. మీ తాతగారి అక్కగారు ఇదే పాట వేరే వరసలో పాడేది" అని ఆ రెండో వరస కూడా పాడి చూపించింది. అది నా ఫోన్‌లో ఉంది ఇప్పుడు.

కొట్టు గురించి చెప్పాల్సిన లోపాలూ ఉన్నాయి. మొదటిసారి ఇచ్చిన ఫైలులో రొద తీసేస్తున్నామని మరీ ఎక్కువ తీసేశారు. కుర్రాడు చేసిన పని అది. టేపు బుస పోయింది గానీ, దాంతోపాటు గాజుల చప్పుడు, కవ్వం తాడు రాపిడి కూడా పోయాయి. అమ్మమ్మ నీళ్లలోంచి పాడుతున్నట్టుంది. మళ్లీ వెళ్లి ఏమీ తీయకుండా ఇవ్వమంటే ఇచ్చారు, అదనంగా డబ్బు అడగలేదు, కానీ నాకు ఒక పూట సెలవు పోయింది. మొదట ఎంపీత్రీ మాత్రమే ఇచ్చారు. దాచుకోవడానికి శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలు, అందులోనూ 24 బిట్‌ది కావాలని మనమే ముందుగా అడగాలి. రసీదు ఇవ్వరు. ఫోన్ మధ్యాహ్నం తర్వాతే ఎత్తుతారు. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు క్యాసెట్లు పిల్లలతో పంపడం మంచిది. పన్నెండు రోజులంటే పన్నెండు రోజులే, తొందరపెడితే ఒప్పుకోరు. ఆ చివరిది నేను లోపంగా చూడను.

వెళ్లేవాళ్లు రెండు పనులు చేయండి. క్యాసెట్ పెట్టెలోంచి తీశాక ఇంట్లో దొరికిన ఏదో మిషన్‌లో పెట్టి నడపకండి. నేను వాక్‌మన్‌లో పెట్టడం తప్పే, ఫెల్టు లేని టేపు రబ్బరు రోలర్‌కు చుట్టుకుని ఉంటే అంతా పోయేది. రెండోది, రికార్డు చేసింది ఎవరు, ఏ ఊళ్లో, పొద్దునా సాయంత్రమా, కరెంటు మీదా సెల్స్ మీదా అన్నది తెలిసినంత ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ పెద్దాయన నిజంగా చదువుతారు. వేగం సరిచేయడానికి రేడియో గానీ, శ్రుతి తెలిసిన వాయిద్యం గానీ వెనకాల ఉందేమో ఆయనే వెతుకుతారు.

మావయ్య ట్రంకుపెట్టెలో ఇంకో క్యాసెట్ కూడా ఉంది. మొన్న శనివారం అదీ ఇచ్చి వచ్చాను. దాని మీద లేబుల్ ఊడిపోయింది, లోపల ఎవరున్నారో పెద్దమ్మకూ తెలియదు.