ఇంటూ కొట్టిన పాంటే మళ్లీ కవర్ మీద

కాగితం నాణ్యత, ఫొటోలు, వాచీల యాడ్లు… అవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. మగవాళ్ల స్టైల్ మ్యాగజైన్ ఒకదానికి చాలా ఏళ్లుగా చందా కడుతున్నాను. పేరెందుకులెండి, ఈ పత్రికలన్నిటిదీ ఒకటే గోత్రం. నా కడుపుమంటంతా అందులో ఒక్క పేజీ మీద. ఎడమ పక్క టిక్కు, కుడి పక్క ఎర్ర ఇంటూ మార్కు. ఇంటూ కిందికి వచ్చేవాళ్లు: బెల్టుకు ఫోన్ పౌచ్ తగిలించుకున్నవాడు, చెప్పుల్లో సాక్సులు తొడిగినవాడు, పొట్టిచేతుల చొక్కా మీద టై కట్టినవాడు, జేబులో పెన్ను పెట్టుకున్నవాడు. ఒక్కొక్కరి కింద ఒక్కో వెటకారం.

నాది బ్యాంకు ఉద్యోగం. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు ముందు అడిగేది పెన్నే. కాబట్టి పెన్ను విషయంలో వాళ్ల మాట ఎప్పుడూ వినలేదు.

పాంటు విషయంలో విన్నాను. ప్లీట్ల పాంటు, అంటే నడుం కింద మడతలు పెట్టి కుట్టింది, వేసుకుంటే పొట్టకు డేరా వేసినట్టుంటుందని అప్పట్లో ఒక సంచికలో ఎగతాళి చేశారు. మా ఆవిడకు అది భలే నచ్చింది. నా ప్లీట్ల పాంట్లన్నీ మూటకట్టి స్టీలు సామాన్లమ్మకు వేసింది. ఆ సామాన్లమ్మ ఒక్కో పాంటూ తిరగేసి, జిప్పులు లాగి చూసి, ఎంతో బేరమాడాక ఒక బేసిన్ చేతిలో పెట్టింది. ఇక స్లిమ్ ఫిట్ మొదలు. బైకెక్కితే మోకాళ్ల దగ్గర పట్టేస్తుంది, అంచు పిక్కల దాకా ఎగబాకుతుంది. బంధువులింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లి చాప మీద కూర్చోబోతే వెనక కుట్టు పటుక్కుమంది. కథ అయిదు అధ్యాయాలూ గోడకానుకుని నిలబడే విన్నాను. ప్రసాదం కూడా అక్కడికే తెచ్చిచ్చారు. ఫ్యాషనన్నాక కొంచెం భరించాలి కదా అని సర్దుకున్నాను.

ఈ మధ్య వచ్చిన సంచిక కవర్ మీద కుర్రాడు బొడ్డు దాకా పాంటు వేసుకున్నాడు. రెండేసి ప్లీట్లు, కింద ఇంత వెడల్పు. లోపల దాని వైభోగం గురించి నాలుగు పేజీలు. అటక మీంచి పాత సంచిక దించి పక్కన పెట్టి చూశాను. అదే పాంటు. ఒకప్పుడు మేమే వద్దన్నాం అని ఒక్క ముక్కైనా ఉంటుందేమోనని కొత్తదంతా వెతికాను. లేదు.

ఈ పత్రికల పుట్టుక చూస్తే కొంత అర్థమవుతుంది. వీటిలో పేరున్న అమెరికా పత్రిక జీక్యూ 1931లో అపారెల్ ఆర్ట్స్ అనే పేరుతో మొదలైంది. అది బట్టల కొట్లవాళ్ల కోసం వేసిన పత్రిక. 1957లో జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీ అయింది. కొట్టువాడి పుస్తకం మీ పాత పాంటు బాగుందని ఎందుకంటుంది? 1980ల్లో ఇటలీ డిజైనర్ అర్మానీ వదులు కోట్లు నడిచాయి, 2000ల్లో డియోర్ కంపెనీ మగవాళ్ల బట్టల విభాగం డియోర్ ఓమ్‌లో డిజైనర్ హెడీ స్లిమాన్ బక్కపలచగా బిగించాడు, ఇప్పుడు మళ్లీ వదులు. మారితే మారనివ్వండి. మారినప్పుడల్లా పాతది వేసుకున్నవాణ్ణి వెర్రివెంగళప్పను చేయడమెందుకు?

కొలతల పేజీలకు మాత్రం నిజంగా దండం పెట్టాలి. కోటు భుజం కుట్టు భుజం ఎముక దగ్గరే ఆగాలి, కోటు చేతి కింద చొక్కా కఫ్ అరంగుళం కనబడాలి, టై కొన బెల్టు బకిల్ దగ్గరికి రావాలి, కోటు కింది గుండీ పెట్టకూడదు. మా టైలరూ ఇదే మాట: "చేతులు పొట్టి చేస్తాను, నడుం తగ్గిస్తాను, భుజం మాత్రం నన్నడక్కండి సార్." అది తెలిశాక రెడీమేడ్ కోటు కొనేటప్పుడు ముందు భుజమే చూస్తున్నాను. కాకపోతే ఆ కోటు బయటికొచ్చేది రిసెప్షన్లకే. ముహూర్తం మే నెలలో పడిందంటే అదీ లేదు.

మరి చందా కట్టొచ్చా అంటే… నాకు నలభై దాటింది, పొట్టుంది, ఆఫీసుకు బైకే. కార్లో తిరిగే పాతికేళ్ల కుర్రాడి లెక్క వేరు. పెళ్లి సూటు కోసమే అయితే ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంచిక దొరికినా చాలు, భుజం కొలత ఏ సంచికలోనైనా ఒకటే. నేనైతే ఇంకో ఏడాది కడతానేమో. సఫారీ సూటుకు ఇప్పటికైతే ఇంటూనే. నాన్నగారిది ఒకటి బీరువాలో ఉంది, ఎవరడిగినా ఇవ్వట్లేదు.