రెఫరెండమా, ఆప్ట్ అవుట్ లెటరా: ఏది మేలు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బళ్లలో లైంగిక విద్యను తప్పనిసరి చేసే బిల్లు మీద గవర్నర్ జే ఇన్‌స్లీ 2020 మార్చిలో సంతకం పెట్టారు. వద్దన్నవాళ్లు, ఈ చట్టం ఉండాలా వద్దా అన్నది నేరుగా ప్రజల ఓటుకే (అదే రెఫరెండం) పెట్టించాలని, కరోనా రోజుల్లోనే 2,60,000కు పైగా సంతకాలు పోగుచేశారు. కావలసినవి 1,30,000 లోపే. దాంతో చట్టం అమలు ఆగింది, నవంబరులో రెఫరెండం 90 పేరుతో ఓటింగు జరిగింది. బ్యాలెట్‌లో ఒక తిరకాసు ఉంది: చట్టం వద్దనుకుంటే ‘రిజెక్టెడ్’కి గుర్తు పెట్టాలి, ‘అప్రూవ్డ్’ అంటే చట్టం ఉండాలని. దాదాపు 58 శాతం ఉండాలన్నారు.

ఓడిపోయారు కాబట్టి రెఫరెండం దండగ అనను. అంతమంది అభ్యంతరం లెక్కలోకి వచ్చింది. కానీ గెలిచి ఉంటే మాత్రం ఏమొచ్చేది? పాత పద్ధతే. అంటే చెప్పాలా వద్దా అన్నది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు బళ్లను నడిపే స్థానిక సంస్థ) ఇష్టం. అప్పటికే చెబుతున్న బళ్లు నిక్షేపంగా చెప్పుకుపోయేవి. పైగా రెఫరెండంలో బేరం కుదరదు. సమ్మతి గురించిన పాఠం ఉంచి, నచ్చని పాఠం ఒక్కటి తీసేయమనడానికి వీల్లేదు. మొత్తంగా ఔననాలి, లేదా కాదనాలి.

2024లో ఇంకో దారి కనిపించింది. తల్లిదండ్రుల హక్కుల మీద ఇనిషియేటివ్ 2081 (జనమే సంతకాలు పోగుచేసి ప్రతిపాదించే చట్టం) వస్తే, ఓటింగు దాకా పోకుండా శాసనసభే ఆమోదించింది. మరుసటి ఏడాది ఆ సభే దాన్ని సవరించింది. పెద్ద గెలుపులకీ గ్యారంటీ లేదన్నమాట.

ఇక ఆప్ట్ అవుట్, అంటే మన పిల్లని ఆ పాఠం నుంచి తప్పించమనడం. చాలామంది మరిచిపోయేదేమిటంటే, అది 2020 చట్టంలోనే ఉంది. పాఠ్య సామగ్రి చూపించమని అడగొచ్చు, మా పిల్లకి ఈ పాఠం వద్దని ప్రిన్సిపాల్‌కి రాసివ్వొచ్చు. రాసిస్తే ఒప్పుకోవలసిందే. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా ఆ చట్టం అడిగేది లైంగిక విషయాలు కాదు, భావోద్వేగాలను అర్థం చేసుకోవడం, తోటివాళ్లతో మెలగడం.

సియాటిల్ దగ్గరి రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లోని మన తెలుగువాళ్లకి ఇది మరీ ముఖ్యం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పిటిషన్ మీద సంతకం పెట్టలేరు, ఓటూ లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. ఉత్తరం రాయడానికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు.

అయితే పిల్లని క్లాసు నుంచి తప్పిస్తే అక్కడితో అయిపోదు. బస్సులో స్నేహితురాలు తన మాటల్లో చెబుతుంది, అది టీచర్ చెప్పినంత సరిగ్గా ఉండదు. అందుకే నా ఓటు ముందు పుస్తకం తెప్పించుకుని చదవడానికే. ఆ తర్వాత నచ్చని ఒక్క పాఠానికే ఉత్తరం ఇవ్వండి. పుస్తకమే బాగాలేదనిపిస్తే స్కూల్ బోర్డు మీటింగుకి వెళ్లండి. రాష్ట్ర ప్రమాణాలకు లోబడి పాఠ్యక్రమాన్ని ఎంచుకునేది ఆ డిస్ట్రిక్టే. రాష్ట్రమంతటా ఈ చదువే ఉండకూడదనే పట్టుదల ఉన్నవాళ్లకి మాత్రం సంతకాల దారే గతి.